బీరువా తాళం చెవి

ప్రియమైన సంఘ కుటుంబాలకు, కమిటీ పెద్దలకు, పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి,

ప్రభువు పేరిట వందనాలు.

మొన్న ఈస్టర్ తెల్లవారుజామున మన గుడిలో ఏం జరిగిందో మీలో కొందరు చూశారు. చూసినవాళ్ళు నా వయసుకు మర్యాద ఇచ్చి ఊరుకున్నారు. నేనే ఊరుకోలేక రాస్తున్నాను. ప్రకటనల టైములో రెండు నిమిషాలు అడిగి చెప్పేద్దామనుకున్నాను గానీ, ఇది రెండు నిమిషాల్లో తెమిలేది కాదు. పైగా మైకు పట్టుకుంటే నాకు ఏడుపొస్తుంది.

ఈస్టర్‌కు ముందు శ్రమల దినాలు నలభై రోజులూ బల్ల మీదా ప్రసంగ పీఠం మీదా ఊదా గుడ్డ ఉంటుంది కదా. ఈస్టర్‌కి అది తీసి తెల్లది పరవాలి. పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ పెంతెకొస్తుకి ఎర్రది, ఆ తర్వాత నెలల తరబడి పచ్చది, క్రిస్మస్ ముందు ఆగమన కాలానికి మళ్ళీ ఊదా. 31 ఏళ్ళుగా ఈ గుడ్డలు మార్చేది నేనే. ఉతికేదీ ఇస్త్రీ చేసేదీ నేనే. అంచు పోతే సుల్తాన్ బజార్ వెళ్ళి జరీ తెచ్చి కుట్టేదీ నేనే. ఈసారి గుడ్ ఫ్రైడే ఆరాధనలో సిలువ మీది ఏడు మాటల్లో ఐదో మాట దగ్గరికి వచ్చేసరికి, ప్రభువు దప్పిగొన్నానన్న మాట దగ్గరే, నాకూ నాలుక పిడచగట్టుకుపోయింది. రాత్రికి జ్వరం 103. శనివారమంతా ఆస్పత్రి మంచం మీద సెలైన్ చుక్కలు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. తెల్ల గుడ్డలున్న బీరువా తాళం చెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. బ్యాగు నా మంచం కింద ఉంది.

ఆదివారం ఐదింటికి సమాధి తెరుచుకుంది, మన బీరువా తెరుచుకోలేదు. ఊదా గుడ్డ ముందు నిలబడి అయ్యగారు ‘క్రీస్తు లేచెను’ అన్నారు. మీరంతా ‘నిజముగా లేచియున్నాడు’ అన్నారు.

నాకు ఫోన్ చేయకపోయారా అని తర్వాత అడిగాను. చేశారట. మా అబ్బాయి ఫోన్ సైలెంట్‌లో పెట్టాడు. పోనీ తాళం పగలగొట్టకపోయారా అన్నాను. క్వయర్‌లో పాడే ఒక అమ్మాయి అంది కదా: ‘మీ బీరువా కదా ఆంటీ, ఎట్ల పగలగొడ్తం?’

మీ బీరువా! పంట పండుగ కానుకలతో కొన్న బీరువా. తలుపు మీద సంఘం పేరు పెయింటుతో రాసి ఉంటుంది. ఆ పిల్ల పుట్టక ముందు నుంచీ తాళం నా చేతిలో ఉండేసరికి అది నాదైపోయింది. ఆ మాట మూడు రోజులు నిద్రపట్టనివ్వలేదు. జ్వరం కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

అందుకే ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఆ తర్వాత మిమ్మల్ని రెండు మాటలు అంటాను. వరస అదీ.

ఏడేళ్ళ కిందట మన సంఘానికి ఒక కొత్త కోడలు వచ్చింది. హైటెక్ సిటీలో ఉద్యోగం. వచ్చిన మూడో వారమే నా దగ్గరికి వచ్చి సండే స్కూల్లో సాయం చేస్తానంది. మన పిల్లలకు తెలుగు చదవడం రావట్లేదని, వాక్యం నోటితో అప్పజెబుతారు గానీ పేజీ తెరిస్తే తెల్లబోతారని, అక్షరాలు నేర్పుతూ కథ చెబుదామని, బొమ్మలు చేద్దామని అంది. తను చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంగ్లీషు మీడియం పిల్లలు బైబిలు తిరగేసి పట్టుకుని పెదాలు కదపడం నేను చూస్తూనే ఉన్నాను. అయినా ‘మన దగ్గర ఇట్లా అలవాటు లేదమ్మా, మెల్లగా చూద్దాం’ అన్నాను. నాలుగు ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుంది. ఒక ఆదివారం అటెండెన్స్ పుస్తకం మోయమన్నాను. ఆ తర్వాత రాలేదు. ఇప్పుడు వేరే పెద్ద సంఘంలో యాభై మంది పిల్లలకు నేర్పుతోందని విన్నాను. ‘ఈ కాలం పిల్లలు నిలవరు, మెరుపులున్న చోటికి పోతారు’ అని ఆమె గురించి మనం మాట్లాడుకున్నాం. ఆమె తనంతట తాను పోలేదు, నేను పంపించాను.

కమిటీలో, క్వయర్‌లో, స్త్రీల సహవాసంలో ఏళ్ళ తరబడి ఉన్న నా తోటివాళ్ళు ఇది చదివి నన్ను తిట్టుకోవచ్చు. తిట్టుకోండి. కానీ మీ హ్యాండ్‌బ్యాగులో, మీ జేబులో ఏ తాళం ఉందో ఒకసారి చూసుకోండి. హార్మోనియం పెట్టె తాళం కావచ్చు, మైకుల గది తాళం కావచ్చు, ‘ఎవరికీ చేతకాదు, నేనే చేయాలి’ అనే మాట కావచ్చు.

ఇక ఆదివారం వచ్చి ఆదివారం పోయే మీ దగ్గరికి వస్తాను.

మనం సికింద్రాబాద్‌లోని లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ రైల్వే క్వార్టర్ల నుంచి నడుచుకుంటూ గుడికి వచ్చిన తరం. మా నాన్నగారు వర్క్‌షాపులో ఫిట్టరు. సైరన్ కూస్తే డ్యూటీ, గంట కొడితే గుడి. ఆల్విన్, ప్రాగా టూల్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, నర్సులు, టీచర్లు, అందరి ఇళ్ళూ పావుగంట నడకలో ఉండేవి. ఇప్పుడు మీరు కొంపల్లిలో, నిజాంపేటలో, బీరంగూడలో, బోడుప్పల్‌లో ఉన్నారు. రావడానికి గంట, పోవడానికి గంట, మధ్యలో ట్రాఫిక్. అంత దూరం నుంచి ఇంకా మన గుడికే వస్తున్నారంటే అది ప్రేమే, నేను కాదనను. రాత్రి షిఫ్టు చేసి నేరుగా గుడికి వచ్చి ప్రసంగంలో కునికే పిల్లల్ని చూసి నాకు కోపం రాదు. భుజం మీద చేయి వేసి పడుకోనిద్దాం అనిపిస్తుంది.

కానీ ఇది మాత్రం చూస్తున్నాను. ఆశీర్వాదం చివర ‘ఆమెన్’ ఇంకా నోట్లోనే ఉంటుంది, కారు తాళం చేతిలోకి వచ్చేస్తుంది. రెండు నిమిషాల్లో ఆవరణ ఖాళీ. మొన్న ఒకాయన రివర్స్ తీస్తూ కిటికీలోంచి ‘అక్కా, బాగున్నారా?’ అన్నారు. బాగున్నానో లేదో చెప్పేలోగా గేటు దాటేశారు.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పడి, ఏప్రిల్ 12న ఈస్టర్ పండుగ ఇంట్లో ఫోను ముందు చేసుకున్నాం, గుర్తుందా? మన కుర్రాళ్ళు అప్పటికప్పుడు కెమెరా పెట్టి యూట్యూబ్ లైవ్ నేర్చుకున్నారు. ఆ రోజుల్లో అది మనల్ని నిలబెట్టింది. ఇవాళ్టికీ కాళ్ళు కదపలేని పెద్దవాళ్ళకు, బాలింతలకు, దుబాయ్‌లో ఉన్న మన పిల్లలకు అది దీవెనే. మంచం మీదున్నవాళ్ళు చూడాలి. సోఫా మీదున్నవాళ్ళు రావాలి.

సరే, వస్తే ఏం పని ఉంది, అంటారు కొందరు. ‘అన్నీ మీరే చేస్తున్నారు కదా ఆంటీ’ అని. ఏం పని ఉందో ఒక్కటి చెబుతాను, వినండి.

నెల మొదటి ఆదివారం సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే ప్రభువు భోజనం. శనివారం రాత్రి నల్ల ఎండు ద్రాక్ష రెండు సార్లు కడిగి నానబెట్టాలి. పొద్దున నాలుగింటికి అదే నీళ్ళలో ఉడకబెట్టి, చల్లారాక చేత్తో మెదిపి, మల్లు గుడ్డలో వేసి వేలాడదీయాలి. తొందరపడి పిండితే పిప్పి దిగి రసం మడ్డిగా అయిపోతుంది. వదిలేయాలి, చుక్క చుక్కగా దానంతట అదే దిగుతుంది. గ్లాసులు 240. బొటనవేలంత ఉంటాయి. ట్రేకి నలభై, మొత్తం ఆరు ట్రేలు. వాటిని కడగడం పెద్ద కష్టం కాదు, తుడవడమే కష్టం. లోపలికి వేలు పట్టదు. గుడ్డ కొసను వత్తిలా మెలిపెట్టి లోపల ఒక తిప్పు తిప్పాలి, వెలుతురుకు పట్టుకుని చూడాలి, మరక కనిపిస్తే మళ్ళీ. ఇది ఆరాధనకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ఈ పని చేస్తున్నది ఇద్దరం. నాకు 68. రెండో ఆవిడకు నాకన్నా మూడేళ్ళు ఎక్కువ, మోకాళ్ళు అరిగిపోయి సింకు ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంటుంది. మా ఇద్దరిలో ఒకరు పోతే ఆ నెల మీకు సంస్కారం ఎట్లా అందుతుందో నాకు తెలియదు.

ఆరు నెలల్లో మా సింకు దగ్గరికి వచ్చి నిలబడింది ఒకే ఒక్కడు. ఎనిమిదో తరగతి పిల్లాడు, మంచినీళ్ళకు వచ్చాడు. ‘నేను తుడవనా అమ్మమ్మా?’ అని కూర్చుని పదిహేను గ్లాసులు మెరిసేలా తుడిచాడు. వాళ్ళమ్మ వచ్చి ‘మగపిల్లాడివి, నీకెందుకురా ఈ పనులు, పద’ అని రెక్క పట్టుకుని తీసుకెళ్ళింది. ఆ తల్లి ఈ ఉత్తరం తప్పకుండా చదువుతుంది. అమ్మా, వాణ్ణి వచ్చే నెల పంపించు.

ఆడ పని, మగ పని అన్న మాట వచ్చింది గనక ఇదీ చెప్పేస్తాను. 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల డయోసిస్‌కు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ, అందులోనూ తెలుగు స్త్రీ. మనం మన గుడిలో లడ్డూలు పంచుకున్నాం. మంచిదే. మరి లడ్డూలు పంచిన ఆ గుడిలో ఇవాళ్టికీ కానుక సంచి ఒక్క స్త్రీ చేతికి ఎందుకు రాదు? కానుకలు లెక్కపెట్టే గదిలోకి టీ కప్పులు పట్టుకుని తప్ప మేమెందుకు అడుగుపెట్టం? రైల్వే హెడ్డాఫీసు రైల్ నిలయంలో అకౌంట్స్‌లో 33 ఏళ్ళు చేసి రిటైరైనదాన్ని. నాకు లెక్క రాదంటారా?

ఆఖరి బెంచీ గురించి కూడా. మన దగ్గర్లోని అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్లుగా, ఇళ్ళల్లో పనికి కుదిరి వచ్చిన కుటుంబాలు, ఏ జిల్లా వాళ్ళో కూడా మనం అడగలేదు, మూడేళ్ళుగా ఆఖరి బెంచీలో కూర్చుంటున్నాయి. చెప్పులు గుమ్మం దగ్గర పేర్చి పెట్టి, గోడకు ఆనుకుని. పోయిన పంట పండుగ నాడు క్వయర్‌లో డోలక్ వాయించే అబ్బాయి రాలేదు. అందరం మొహాలు చూసుకుంటుంటే, ఆ బెంచీలోంచి ఒకాయన లేచి ‘నేను వాయించనా అండి?’ అన్నాడు. కూర్చుని, రెండు వైపులా వేళ్ళతో తట్టి చూసి, తాడు బిగించి మొదలుపెట్టాడు. గుడంతా తల తిప్పి చూసింది. ముసలివాళ్ళం కూడా లయ తప్పకుండా చప్పట్లు కొట్టాం. వాళ్ళ ఊళ్ళో పదహారేళ్ళు గుడిలో వాయించాడట. ఇక్కడికి వచ్చాక మూడేళ్ళు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఎందుకంటే ఎవరూ ‘నీకేం వచ్చయ్యా?’ అని అడగలేదు. ఆ మరుసటి ఆదివారం పాత అబ్బాయి వచ్చాడు, డోలక్ మళ్ళీ అతని దగ్గరికి పోయింది, ఈయన మళ్ళీ గోడ దగ్గరికి పోయాడు. క్వయర్ మాస్టరుగారూ, ఇద్దరూ వంతులేసుకుంటే ఏం?

పంట పండుగ అన్నాక వేలం పాట గుర్తొచ్చింది. ఒక సొరకాయ పదకొండు వందలకు పోయింది. గుమ్మడికాయ కోసం ఇద్దరు అన్నదమ్ముల్లాంటివాళ్ళు పోటీపడి ఐదు వేల దాకా లాక్కెళ్ళారు. ఆ డబ్బు ప్రభువు పనికే, సంతోషం. వేలం అయ్యాక అరటాకులు, పేపరు ప్లేట్లు, కోడిపుంజు రెట్ట, చెరకు పిప్పి ఊడ్చడానికి మిగిలింది ఏడుగురం. ఐదు వేలిచ్చినాయన గుమ్మడికాయ డిక్కీలో పెట్టించుకుని వెళ్ళిపోయారు. ‘దశమభాగం ఇస్తున్నాం, మనిషిని పెట్టుకోండి’ అంటారు. చీపురుకు మనిషిని పెడతాం. మొగుడు పోయి నెలైనావిడ పక్కన గంటసేపు కూర్చోవడానికి ఎవర్ని పెట్టమంటారు?

కమిటీ ఎలక్షన్ల సంగతి ఎక్కువ మాట్లాడను, నోరు పాడవుతుంది. మూడేళ్ళకోసారి ఆ ఒక్క రోజు మాత్రం మన ఆవరణలో కారు పెట్టడానికి చోటుండదు. ఏడాదంతా కనిపించని మొహాలు చందా బాకీ కట్టి మరీ వచ్చి వరసలో నిలబడతాయి. ఓటు మీ హక్కు. ఓటేసిన చేత్తో ఒక కుర్చీ కూడా సర్దమని అడుగుతున్నాను, అంతే. ‘కమిటీ రాజకీయాలు చూసి దూరంగా ఉంటున్నాం’ అనే మాట కూడా నిజమే. నేనూ ఆ కమిటీలో కూర్చుని అరిచినదాన్నే. కానీ గ్లాసులు తుడవడంలో ఏ వర్గమూ లేదు.

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం మనం ఆరాధనలో చదవం, పేర్లు పలకడం కష్టమని. ఇంటికెళ్ళి తీరిగ్గా చదవండి. యెరూషలేము గోడ ఎవరెవరు ఎంతెంత కట్టారో జాబితా ఉంటుంది. యాజకులు కట్టారు, కంసాలివాళ్ళు కట్టారు, వర్తకులు కట్టారు. షల్లూము అనే అధికారి తన కూతుళ్ళతో వచ్చి కట్టాడు. చాలామంది తమ ఇంటికి ఎదురుగా ఉన్న ముక్కే కట్టుకున్నారు. నాకెప్పుడూ నవ్వొచ్చేది తెకోవ ఊరివాళ్ళ దగ్గర. ఊరి జనం కట్టారట, వాళ్ళ పెద్దలు మాత్రం మెడ వంచలేదట. ఆ సంగతి ఇన్ని వేల ఏళ్ళ తర్వాత కూడా పుస్తకంలో ఉంది! అదే అధ్యాయంలో కాస్త కిందకి పోతే, ఆ తెకోవ జనమే ఇంకో ముక్క కూడా కట్టారని ఉంటుంది. పెద్దలు రాని లోటు వాళ్ళే పూడ్చారు.

మన మెదక్ గుడి కూడా అట్లాంటిదే కదా. కరువు కాలంలో మిషనరీ పోస్నెట్ దొర ఊరికే గింజలు పంచకుండా గుడి పని పెట్టి, చేసినవాళ్ళకు తిండి పెట్టాడు. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రతిష్ఠించారు. నూరేళ్ళ పండుగకు మనం బస్సులేసుకుని వెళ్ళి గోపురం ముందు సెల్ఫీలు దిగి వచ్చాం. మా నాయనమ్మ ఆ వైపు ఊళ్ళల్లో, ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా తిరిగింది. చంకలో సంచి, చేతిలో కర్ర, కాళ్ళకు చెప్పుల్లేవు. చదువు రెండో తరగతి. ఆవిణ్ణి ‘మీరు మా సంఘ సభ్యులా?’ అని ఎవరైనా అడిగితే అర్థమయ్యేది కాదేమో. సంఘమంటే ఆవిడకు తను చేసే పనే.

మా చిన్నమ్మ వాళ్ళది గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను, భక్త్ సింగ్ గారు మొదలుపెట్టిన సహవాసం. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే ఆదివారం మధ్యాహ్నం అక్కడే ప్రేమవిందు. బారులుగా కింద కూర్చోవడం, అన్నం, పప్పు. నాకు గుర్తున్నది ఆ వంట రుచి కాదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి గంగాళం తోముతున్న ఒకాయన. ‘ఆయన పెద్ద డాక్టరు తెలుసా?’ అంది చిన్నమ్మ. మనకూ వాళ్ళకూ ఆరాధన పద్ధతుల్లో తేడాలు బోలెడు, ఆ చర్చ నాకొద్దు. గంగాళం విషయంలో మాత్రం వాళ్ళు మనకన్నా నయం.

ఒక్కటి చెప్పకుండా ఉండలేను. పోయిన వానాకాలంలో మన సంఘంలో ఒక పెద్దాయన ప్రభువు నందు నిద్రించారు. పిల్లలిద్దరూ అమెరికాలో. భూస్థాపన నారాయణగూడ సమాధుల తోటలో, పనిరోజు, మధ్యాహ్నం మూడింటికి, జోరు వాన. వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వందకు పైగా వచ్చాయి. గేటు దగ్గర పెట్టె దించేసరికి మోయగలిగిన మగవాళ్ళు నలుగురున్నారు. అందులో ఒకరు అయ్యగారు, ఆయన చేతిలో ఆరాధన పుస్తకం. లోపలికి బురద. కాలు జారుతోంది. మమ్మల్ని దింపిన ఆటో డ్రైవరు, ముస్లిం అబ్బాయి, ఇంజను ఆపి, చెప్పులు ఆటోలో వదిలేసి వచ్చి భుజం పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. పక్షవాతం ఉన్నవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, కప్పు విప్పి యేసు ముందు దించిన కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ ఆటో అబ్బాయి పేరు కూడా నేను అడగలేదు.

అయ్యగారూ, మీకూ ఒక మాట, పెద్దదాన్ని గనక. మైకు సెట్టు మీరే సర్దుతారు, కరెంటు బిల్లు మీరే కడతారు, పెళ్ళి సర్టిఫికెట్లు మీరే టైపు చేస్తారు, ఆస్పత్రులన్నీ మీరే తిరుగుతారు. మోషే కూడా పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక్కడే తీర్పులు చెబుతుంటే మామగారు యిత్రో చూసి, ‘నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, పదిమందికొకణ్ణి పెట్టు’ అని చెప్పాడు. మామ మాట విన్న అల్లుళ్ళు బైబిల్లో కూడా తక్కువే, మోషే విన్నాడు.

ఇక నేను అడిగేది. కొత్తదేమీ కాదు, మనం వెస్లియన్ మిషన్ బిడ్డలం, మన ఇంట్లో ఉన్నదే. 1742లో బ్రిస్టల్‌లో గుడి అప్పు తీర్చడం ఎట్లా అని, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ, తోటివాళ్ళు కూర్చున్నారు. ఒక ఓడ కెప్టెన్ లేచి, వారానికి తలా ఒక పెన్నీ ఇద్దాం, పన్నెండు మందికొకరు వసూలు చేద్దాం అన్నాడు. బీదవాళ్ళు ఇవ్వలేరు కదా అంటే, అందరికన్నా బీదవాళ్ళు పదకొండు మందిని నాకు రాయండి, వాళ్ళు ఇవ్వలేకపోతే నేనే వేస్తాను అన్నాడు. అట్లా వారం వారం పెన్నీ కోసం ఇంటింటికీ తిరిగినవాళ్ళకు ఎవరింట్లో జ్వరమో, ఎవరు తాగుతున్నారో, ఎవరు ప్రార్థన మానేశారో తెలియడం మొదలైంది. అప్పు కోసం మొదలైనది కాపరి పని అయింది. క్లాసు మీటింగు అంటే అదే. మా చిన్నప్పుడు క్వార్టర్లలో క్లాసు లీడరు ఉండేవాడు, శుక్రవారం వచ్చి మా కాపీ పుస్తకాలు కూడా చూసి పోయేవాడు.

కొంపల్లి వైపు ఒకటి, నిజాంపేట, బీరంగూడ వైపు ఒకటి, బోడుప్పల్ వైపు ఒకటి, గుడి చుట్టుపక్కల ఒకటి. పది పన్నెండు ఇళ్ళకొక గుంపు. నెలకోసారి ఒక ఇంట్లో ప్రార్థన, టీ చాలు, బిర్యానీ పోటీలొద్దు. ఆ గుంపులో ఒకరు ఆస్పత్రిలో ఉంటే మిగతావాళ్ళకు తెలియాలి, పెట్టె మోయాల్సి వస్తే ఆరుగురు రావాలి. నెలలో ఒక ఆదివారం గుడి పని ఒక్కో గుంపుది: గ్లాసులు, గుడ్డలు, చీపురు, కానుక సంచి, వాక్యం చదవడం, అన్నీ. నెలకొక్క ఆదివారమే కదా, మిగతా మూడు వారాలూ కారు తాళం ఎప్పుడు తీసుకున్నా నేనేమీ అనను. లీడర్లుగా ఇప్పటిదాకా కమిటీలో లేనివాళ్ళనే పెట్టండి. కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి, ఆఖరి బెంచీ నుంచి ఒకరైనా ఉండాలి.

మొన్న మోండా మార్కెట్ దగ్గర తాళాలాయన దగ్గర బీరువా తాళం చెవికి మూడు నకళ్ళు చేయించాను. ఒకటి ‘మీ బీరువా’ అన్న క్వయర్ అమ్మాయికి ఇచ్చేశాను. ఒకటి ఆఫీసు గదిలో మేకుకు తగిలించాను, ఎర్ర దారం కట్టి. మూడోది ఇంకా నా దగ్గరుంది, ఎవరు అడిగితే వాళ్ళది. సండే స్కూలు బాధ్యత జూన్ నుంచి వదిలేస్తున్నాను. నేర్పించడం మానను, ఎవరైనా చిన్నవాళ్ళు నడిపిస్తే వాళ్ళ కింద చేస్తాను. హైటెక్ సిటీ కోడలికి విడిగా ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.

పెంతెకొస్తుకి ఎర్ర గుడ్డలు బయటికి తీయాలి. వాటి అంచు ఒక పక్క ఊడింది, సూది దారం పట్టడం వచ్చినవాళ్ళు కావాలి. ఈ శనివారం పొద్దున ఏడింటికి గేటు తీస్తాను. చీపుర్లు నాలుగున్నాయి, నిచ్చెన ఉంది, బకెట్లు రెండే ఉన్నాయి. వచ్చేవాళ్ళు తలా ఒక బకెట్ తెచ్చుకోండి. ఇడ్లీ నేను తెస్తాను, శుక్రవారం సాయంత్రంలోగా ఎంతమంది వస్తున్నారో ఒక మాట చెబితే పిండి ఆ లెక్కన కలుపుకుంటాను.

ప్రభువు నందు మీ సహోదరి,
సండే స్కూల్ టీచరమ్మ